మలావీలో రెండేళ్ల ఆరోగ్య ప్రాజెక్టుకు ఒంటరిగా వెళ్తున్నాను, అక్కడ కుదురుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ఇది. ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీలో ఒక మలేరియా ప్రాజెక్టులో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. నవంబరులో బయలుదేరాలి. దక్షిణ ప్రాంతంలో వేస్తామన్నారు గాని ఏ జిల్లాయో ఇంకా చెప్పలేదు. ఒంటరిగా వెళ్తున్నారు. ఏం తీసుకెళ్లాలి, ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలి, అక్కడ కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది, భయపడుతున్న అమ్మగారికి ఏం చెప్పాలి అని అడిగారు.

నేను నర్సుగా మొదలుపెట్టి, తర్వాత ప్రజారోగ్యం చదివి, 2016 నుంచి 2023 దాకా మలావీలో పనిచేశాను. మొదట తల్లీబిడ్డల ఆరోగ్యం, తర్వాత మలేరియా. ఎక్కువ కాలం దక్షిణ జిల్లాల్లోనే గడిపాను. కాబట్టి మీరు దిగబోయే నేల నాకు బాగా తెలిసినదే.

సూటిగా చెప్పాలంటే: మొదటి మూడు నెలలు కష్టంగా ఉంటుంది, ఆ తర్వాత తేలికవుతుంది. ఆ మూడు నెలల్లో మూడు పనులు తప్పకుండా చేయండి. మలేరియా మాత్ర ఒక్క పూట కూడా మానకండి. అక్కడి జనం మాట్లాడే చిచేవా భాషలో పలకరింపులు నేర్చుకోండి. ప్రాజెక్టులో ఏదో ఒకటి మార్చేయాలన్న తొందర పక్కన పెట్టి, గ్రామాల్లో తిరిగే ఆరోగ్య సిబ్బంది వెనకాలే నడవండి. ఇంటి సామాను, వంట, ఇంటర్నెట్ లాంటివి వాటంతట అవే సర్దుకుంటాయి. మనుషులు మాత్రం వాటంతట వారు దగ్గరకు రారు. పని సాగనిచ్చేదీ, మనకు అక్కడ ఇల్లు అనిపించేలా చేసేదీ ఆ మనుషులే.

ముందు ఆరోగ్యం సంగతి, ఎందుకంటే ఇందులో పొరపాటుకు చోటు లేదు. అక్కడ మలేరియా దాదాపు అంతా ఫాల్సిపారం రకం, అన్నిటికంటే ప్రాణాంతకమైనది. చిన్నప్పుడు మన ఊళ్లో మలేరియా వచ్చింది కదా, ఒళ్లు అలవాటు పడి ఉంటుందిలే అనుకునేవారిని చాలామందిని చూశాను. అలాంటి రక్షణ మీకు లేదు, ఉందనుకోవడం ప్రమాదం. బయలుదేరడానికి కనీసం నెలన్నర ముందే డాక్టరును కలిసి నివారణ మాత్ర ఏదో తేల్చుకోండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక ఏడు రోజుల దాకా రోజూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజూ వేసుకునేదే, కానీ తిరిగొచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. దానివల్ల కొందరికి ఎండ పడదు, చర్మం కమిలిపోతుంది. మెఫ్లోక్విన్ వారానికి ఒకటే. అయితే ఆందోళన, దిగులు, మూర్ఛ లాంటివి ఎప్పుడైనా ఉండి ఉంటే అది మీకు తగదు, ఆ విషయం డాక్టరు దగ్గర దాచకండి.

నాతో పనిచేసిన ఒక విదేశీ సహోద్యోగి నాలుగో నెలలో మాత్రలు ఆపేశాడు. ఏమీ కాలేదు కదా అన్నది అతని లెక్క. జనవరిలో జ్వరం వస్తే ప్రయాణ బడలిక అనుకుని రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు మేము వెళ్లేసరికి మాట తడబడుతోంది. బతికాడు, కానీ ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నేను కూర్చున్న బల్ల ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అందుకే చెబుతున్నాను. జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించుకోవాలి. ర్యాపిడ్ పరీక్షలో లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. అక్కడ మొదటి వరస మందు ఆర్టిమీథర్-లూమెఫాంట్రిన్, అందరూ దాన్ని ఎల్‌ఏ అంటారు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు జ్వరం వస్తే, డాక్టరు అడిగినా అడగకపోయినా మీరే ముందు చెప్పాలి, నేను ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి అని. ఈ ఒక్క వాక్యం మీ అమ్మగారికి కూడా నేర్పించి వెళ్లండి.

టీకాల్లో టైఫాయిడ్, హెపటైటిస్-ఎ తప్పనిసరి అనుకోండి. గ్రామాల్లో కుక్కలు ఎక్కువ కాబట్టి రేబిస్ ముందస్తు టీకా గురించి కూడా డాక్టరును అడగండి. టైఫాయిడ్ విషయంలో ఒక సంతోషకరమైన సంగతి ఉంది. హైదరాబాద్‌లో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను 2018లో మలావీలోని బ్లాంటైర్ నగరంలో సుమారు 28,000 మంది పిల్లలతో జరిపిన పరిశోధనలో పరీక్షించారు. రక్షణ 80 శాతం దాకా తేలింది. 2023లో మలావీ దాన్ని దేశమంతటా పిల్లలకు వేయడం మొదలుపెట్టింది. ఆ సీసా మీద మన ఊరి పేరు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం మీకూ కలగాలి.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో చాలామంది తికమకపడతారు. మలావీలో ఆ జబ్బు లేదు. కానీ మీరు బహుశా అడ్డిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తారు. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జబ్బు ముప్పున్న దేశాలే. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో పసుపురంగు టీకా పుస్తకం అడగవచ్చు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది.

మరో రెండు చిన్న జాగ్రత్తలు. మలావీ సరస్సు అందం చూస్తే ఎవరికైనా నీళ్లలోకి దిగాలనిపిస్తుంది. ఆ నీళ్లలోని నత్తల నుంచి బిల్హార్జియా పురుగు చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. దిగితే దిగారు గాని, రెండు నెలలు గడిచాక పరీక్ష చేయించుకుని, అవసరమైతే దాని మందు ప్రాజిక్వాంటెల్ వేసుకోండి. రెండోది బట్టలు. బయట ఆరేసిన తడి బట్టల మీద పుట్సీ ఈగ గుడ్లు పెడుతుంది, ఆ పిల్లపురుగు చర్మంలో దూరి కురుపులా తేలుతుంది. అందుకే అక్కడ లోదుస్తులతో సహా అన్నీ ఇస్త్రీ చేస్తారు. కుట్టుల దగ్గరా, నడుం పట్టీ దగ్గరా గట్టిగా తిప్పాలి.

ఇక మీరు నవంబరులో దిగుతున్నారు. ఇది ముఖ్యమైన విషయం. అప్పుడే తొలి వానలు పడతాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. మలేరియా పెరిగేదీ, మట్టిరోడ్లు తెగిపోయేదీ, ఇళ్లలో గింజలు అయిపోయేదీ ఆ నెలల్లోనే. పాత మొక్కజొన్న అయిపోయి, కొత్త పంట ఏప్రిల్‌లో గాని చేతికి రాదు. జనవరి, ఫిబ్రవరిల్లో మీరు ఏ ఇంటి ముందు నిలబడినా గాదె ఖాళీగా కనిపిస్తుంది. తెల్లవారకముందే జనం పొలాల్లో ఉంటారు. ఉదయం తొమ్మిదికి సర్వే పెట్టుకుంటే ఊళ్లో ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. మీ పని వేళల్ని వానకూ పొలం పనికీ తగ్గట్టు మార్చుకోవాలి గాని, వాళ్లను మీ పట్టికలోకి లాగకూడదు. ఈ నెలల్లో గంటల తరబడి సమావేశాలు పెట్టి వాళ్లను ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం అన్యాయం. దీని గురించి మీ కార్యాలయంలో గట్టిగా మాట్లాడండి.

భాష దగ్గరికి వస్తాను. ఆఫీసు పని అంతా ఇంగ్లీషులో సాగిపోతుంది, ఊళ్లో సాగదు. చిచేవా మనకు కష్టమైన భాష కాదని నా అనుభవం. మన తెలుగులాగే అది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మనం బుక్కు, బస్సు, స్కూలు అని చేసుకున్నట్టే వాళ్లు బుకు, బాసి, సుకులు అని చేసుకున్నారు. ఇంకా ముఖ్యమైనది, మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు ఇవే, ఇను ఉన్నాయి. పెద్దవాళ్లనూ కొత్తవాళ్లనూ ఇను అనే అనాలి. ఇంగ్లీషు నుంచి నేర్చుకునేవారు ఇక్కడ ఎంతకాలమైనా తడబడతారు. మన నోటికి ఆ మర్యాద ముందే తెలుసు.

ఉదయం ఎవరు కనబడినా మ్వాద్జుకా బ్వాంజి అనండి, ఎలా లేచారు అని అర్థం. న్దాద్జుకా బ్వినో, కయా ఇను అని జవాబు వస్తుంది, బాగానే లేచాను, మరి మీరు అని. మధ్యాహ్నం మ్వాస్వేరా బ్వాంజి. ఇంటి ముందు నిలబడి ఓడీ అని పిలవాలి, లోపలి నుంచి ఓడీని అని వినబడ్డాకే అడుగు పెట్టాలి. జికోమో అంటే కృతజ్ఞత, పెపానీ అంటే అయ్యో పాపం అనీ క్షమించండి అనీ రెండూ. ఏదైనా ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు కుడిచేయి చాచి ఎడమచేత్తో కుడి మోచేతిని తాకండి. పలకరింపు పూర్తికాకుండా పని మాట ఎత్తితే, మీ ప్రశ్నకు జవాబు వస్తుంది గాని అది నిజమైన జవాబు కాదు.

మలేరియా సర్వేలో భాష ఎంత పని చేస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. చిచేవాలో మలుంగో అన్న మాటకు మలేరియా అనీ అర్థమే, ఒళ్లు కాలిపోయే జ్వరం అనీ అర్థమే. పోయిన నెలలో మీ బిడ్డకు మలుంగో వచ్చిందా అని అడిగితే, జలుబు జ్వరాలతో సహా అన్నీ మీ లెక్కలోకి వచ్చి పడతాయి. మా మొదటి ప్రశ్నపత్రంలో అదే జరిగింది. తేడా పట్టుకున్నది లెక్కలు చూసే మా బృందం కాదు, ఊళ్లో తిరిగే ఒక ఆరోగ్య కార్యకర్త. తల్లి చెప్పింది మలుంగో అని, కానీ బిడ్డ హెల్త్ పాస్‌పోర్టులో పరీక్షలో మలేరియా లేదని తేలినట్టు రాసి ఉంది చూడండి అన్నాడు.

ఆ హెల్త్ పాస్‌పోర్టు గురించి చెప్పాలి. అక్కడ రోగి వివరాలు ఎక్కువగా ఆసుపత్రి అలమరాలో ఉండవు. ప్రతి మనిషికీ ఒక చిన్న పుస్తకం ఉంటుంది, దాన్ని వాళ్లే దాచుకుంటారు, ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా తెస్తారు. తల్లులు దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నడుముకు కట్టుకున్న చితేంజె వస్త్రం మడతలో దోపుకుని వస్తారు. వానాకాలంలో పేజీలు అంటుకుపోయి, అక్షరాలు నీలంగా పాకి ఉంటాయి. వాటిని నెమ్మదిగా విడదీసి చదవండి. బిడ్డ బరువు, టీకాలు, ఎన్నిసార్లు జ్వరం, ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారారు, అన్నీ అందులో ఉంటాయి. నేను ఆ దేశాన్ని ఎక్కువగా తెలుసుకున్నది ఆ పుస్తకాల్లోనే.

గ్రామాల్లో పనంతా నడిపేది హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్లు. అందరూ హెచ్‌ఎస్‌ఏ అంటారు. మన ఆశా కార్యకర్తల లాంటివారే, కానీ వీళ్లు ప్రభుత్వ జీతం మీద పనిచేసేవారు, మగవాళ్లు కూడా చాలామంది ఉంటారు. వెయ్యి మంది జనాభాకు ఒకరు ఉండాలన్నది లక్ష్యం, నిజంలో ఒక్కొక్కరి మీద అంతకంటే ఎక్కువ భారం పడుతుంది. సైకిలు మీద తిరుగుతూ టీకాలు వేస్తారు, పిల్లల్ని తూస్తారు, బావుల నీళ్లు చూస్తారు, దూరపు ఊళ్లలో మలేరియా పరీక్ష చేసి మందు ఇస్తారు. 2019 ఏప్రిల్ 23న పిల్లలకు తొలి మలేరియా టీకా ప్రయోగాత్మకంగా మలావీలోనే మొదలైంది. దాన్ని ఊరూరికీ చేర్చింది ఈ మనుషులే. మీరు వాళ్లకు పై అధికారిగా వెళ్తున్నామని అనుకోకండి. మొదటి నెల వాళ్ల సంచి మోసినా తప్పులేదు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నేను చేసిన ఒక తప్పు వల్ల. 2017లో దక్షిణ జిల్లాల్లో ఒక పుకారు రేగింది, రాత్రిపూట మనుషుల రక్తం పీల్చేవారు తిరుగుతున్నారని. వాళ్లను అనామపోపా అనేవారు. ములాంజె, ఫలోంబె జిల్లాల్లో అనుమానంతో జనం మనుషుల్ని కొట్టి చంపారు. రాత్రి కర్ఫ్యూ పెట్టారు, ఐక్యరాజ్యసమితి ఆ రెండు జిల్లాల నుంచి తన సిబ్బందిని వెనక్కి రప్పించింది. మేముండేది పక్క జిల్లా, అక్కడ గొడవలు లేవు. నేనేమో పట్టికలో గడువు చూసుకుని, ఊరిపెద్దను కలవకుండా నేరుగా ఇళ్ల దగ్గరికి వెళ్లాను, వేలి నుంచి రక్తపు చుక్క తీయడానికి. ఒక్కొక్క తలుపూ మూసుకుంది. ఒక తల్లి బిడ్డను చంకన వేసుకుని మొక్కజొన్న చేలోకి పరుగెత్తింది. ఆమె చూపులో ఉన్న భయం నేను తెచ్చిపెట్టినది.

మా హెచ్‌ఎస్‌ఏ నన్ను వెనక్కి పంపేశాడు. మూడు వారాలు ఆ ఊరికి వెళ్లలేదు. ఆ తర్వాత మ్ఫూము, అంటే ఊరిపెద్ద, మామిడిచెట్టు కింద అందర్నీ పిలిచాడు. హెచ్‌ఎస్‌ఏ ఏమీ ఉపన్యాసం చెప్పలేదు. సూది విప్పి తన వేలికే గుచ్చుకున్నాడు. చుక్కను పరీక్ష పలక మీద వేసి, ద్రావకం చుక్కలు వేసి, దాన్ని ఒక బల్లపీట మీద పెట్టాడు. పదిహేను నిమిషాలు అందరం ఆ పలకనే చూస్తూ కూర్చున్నాం. ఒక్క గీత వచ్చింది. ఒకే గీత అంటే మలేరియా లేదని, ఆ చుక్క ఇందులోనే ఎండిపోయిందని, ఇక్కడి నుంచి ఎక్కడికీ పోదని చెప్పి పలకను చేతులు మారనిచ్చాడు. వాడిన సూది పసుపుపచ్చ పెట్టెలో పడటం కూడా దగ్గరగా చూపించాడు. ముందుగా లేచి వేలు చాచింది ఊరిపెద్ద తల్లి. ఆ తర్వాత నాకు వేరే శిక్షణ ఏదీ అక్కరలేకపోయింది.

కాబట్టి ఏ ఊళ్లో అడుగుపెట్టినా ముందు జిల్లా ఆరోగ్య కార్యాలయం, తర్వాత ప్రాంతపు పెద్ద, తర్వాత ఊరిపెద్ద, ఆ తర్వాతే ఇల్లు. దీనికి ఎన్ని రోజులు పట్టినా అవి పనిలో భాగమే. ఆ రోజుల్ని పట్టికలో ముందే రాసి పెట్టండి.

ఇంకొక బంధుత్వం మీకు వెంటనే అర్థమవుతుంది. మధ్య, దక్షిణ ప్రాంతాల్లో చాలా కుటుంబాల్లో వంశం తల్లివైపు నుంచి సాగుతుంది, పెళ్లయ్యాక భర్త వచ్చి భార్య ఊళ్లో ఉంటాడు. అక్కడ నిర్ణయాల్లో మలూమె మాట బలమైనది. మలూమె అంటే మేనమామ. గర్భిణిని పెద్దాసుపత్రికి పంపాలని మేము చెప్పి భర్తను ఒప్పించి బండి తెచ్చినా, మలూమె రావాలని ఆగిపోయిన రోజులు ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి సమావేశానికీ భర్తలతో పాటు మేనమామల్నీ పిలవడం మొదలుపెట్టాం. మేనమామ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా, నాకు ఆ మాట తట్టడానికి ఏడాది పట్టిందంటే అది నేను వినకపోవడం వల్లే. మలేరియా దోమతెరల పంపకంలోనూ ఇది పనికొస్తుంది.

అలవెన్సుల విషయం మిమ్మల్ని మొదట ఇబ్బంది పెడుతుంది. శిక్షణకు పిలిచినా, సమావేశానికి పిలిచినా రోజు భత్యం ఎంత అన్న ప్రశ్న వస్తుంది. కొందరు విదేశీయులు దాన్ని అత్యాశగా మాట్లాడతారు, నాకు ఆ మాట నచ్చదు. జీతాలు చాలా తక్కువ, ధరలు పెరుగుతూనే ఉంటాయి, ఆ భత్యంతోనే పిల్లల బడి ఫీజులు కట్టేవాళ్లు నాకు తెలుసు. మీ సంస్థ రేటు ఎంతో ముందే కనుక్కోండి, ఇస్తామన్నది చెప్పిన రోజున ఇవ్వండి. లేని మాట ఇవ్వకండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మీ ఒప్పందం గురించి. జీతం డాలర్లలోనా, అక్కడి కరెన్సీ అయిన క్వాచాలోనా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. 2022 మే నెలలో క్వాచా విలువను 25 శాతం తగ్గించారు. 2023 నవంబరులో మళ్లీ 44 శాతం. క్వాచాలో జీతం తీసుకునే నా స్నేహితుల పొదుపు ఒక్క ప్రకటనతో కరిగిపోయింది. రోజువారీ ఖర్చులకు ఎయిర్‌టెల్ మనీ, ఎంపాంబా లాంటి ఫోను ఖాతాలు పల్లెల్లో కూడా పనిచేస్తాయి. వీధిలో డాలర్లు మార్చుకోవద్దు. తాత్కాలిక ఉద్యోగ అనుమతి పత్రం పని మీ సంస్థదే, అది ఎక్కడిదాకా వచ్చిందో విమానం ఎక్కేముందే రాతపూర్వకంగా అడగండి. మీరు నర్సో డాక్టరో అయితే అక్కడి కౌన్సిల్‌లో నమోదు కాకుండా ఏ రోగినీ చేత్తో తాకకండి, సాయం అనుకుని కూడా.

ఇల్లు చూసుకునేటప్పుడు నీళ్ల ట్యాంకు, కిటికీలకు దోమల జాలి, గ్యాసు పొయ్యి, ఈ మూడూ ఉన్నాయా చూడండి. కరెంటు చాలావరకు షిరే నది మీది జలవిద్యుత్తే. 2022 జనవరిలో ఆనా తుపాను కపిచీరా కేంద్రాన్ని దెబ్బతీసినప్పుడు దేశం నెలల తరబడి చీకట్లు భరించింది. సాయంత్రం ఆరు దాటితే చీకటి పడిపోతుంది. మంచి టార్చి, ఫోను ఛార్జి చేసే పవర్ బ్యాంకు తీసుకెళ్లండి. ప్లగ్గు బ్రిటిష్ పద్ధతి, మూడు చదరపు పుల్లలది. మన ప్లగ్గులు పట్టవు కాబట్టి అడాప్టర్లు రెండు పెట్టుకోండి. చీకటిపడ్డాక రోడ్డు ప్రయాణం చేయకండి. దీపాలు లేని సైకిళ్లు, ఆగిపోయిన లారీలు కనబడవు. అడవి జంతువుల గురించీ దొంగల గురించీ అందరూ భయపెడతారు, నేను పోగొట్టుకున్నవారిని మాత్రం రోడ్డు మీదే పోగొట్టుకున్నాను.

తిండికి బెంగ పెట్టుకోకండి. మొక్కజొన్న పిండితో గట్టిగా కలిపే న్సీమా మన సంగటికి దగ్గరి చుట్టం, చేతులు కడుక్కుని కుడిచేత్తోనే తింటారు. సూట్‌కేసులో కందిపప్పు నింపుకుని వెళ్లకండి. దక్షిణ ప్రాంతం నిండా కంది పండుతుంది, అక్కడ నందోలో అంటారు, మన దేశానికీ ఎగుమతి చేస్తారు. గింజను పొట్టుతోనే ఉడికిస్తారు, మీరు ఇంట్లో కొంచెం ఎక్కువసేపు ఉడికించి పోపు పెట్టుకుంటే సరి. బ్లాంటైర్ పక్కన లింబెలో భారతీయ వ్యాపారులు తరతరాలుగా ఉన్నారు, పోపు దినుసులన్నీ దొరుకుతాయి. మిమ్మల్ని మొదట మ్వేన్యే అంటారు, భారతీయురాలు అని. అది తిట్టు కాదు, కానీ దానితో పాటు కొట్టు యజమాని అన్న ఊహ వస్తుంది. ఆ దూరం తగ్గడానికి మీ నడవడి తప్ప వేరే దారి లేదు. పల్లెకు వెళ్లేటప్పుడు ప్యాంటు మీద చితేంజె చుట్టుకోండి. నేలమీద కూర్చోవడానికి, ఎండకు, వానకు కూడా అదే.

ఒంటరితనం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గాని అసలు భయం అదేనని నాకు అనిపించింది. మొదటి నెల కొత్తదనంలో గడిచిపోతుంది. ఐదో వారమో ఆరో వారమో ఒక సాయంత్రం కరెంటు పోయి, రేకుల మీద వాన మోగుతుంటే, ఎందుకు వచ్చానా అనిపిస్తుంది. అది మీ ఒక్కరికే కాదు, నేను చూసిన దాదాపు అందరికీ ఆ సమయంలోనే వచ్చింది. అప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి, రాజీనామా ఉత్తరం రాయకండి. ఇంటికి ఫోను రాత్రి పూట పెట్టుకోకండి. అక్కడ రాత్రి ఏడంటే ఇక్కడ పదిన్నర, ఇద్దరూ అలసిపోయి ఉంటారు, మాట దిగులు మీదికే పోతుంది. అక్కడ ఉదయం ఆరుకు చేయండి, అమ్మగారికి తొమ్మిదిన్నర అవుతుంది. పగటివేళ గొంతు వింటే ఆమెకూ ధైర్యం. సాయంత్రాలు విదేశీయుల గుంపుతోనే గడిపే అలవాటు చేసుకోవద్దు. వాళ్లు మంచివాళ్లే, కానీ ఏడాదికి ఒకసారి అందరూ మారిపోతారు, ప్రతి వీడ్కోలూ మిమ్మల్ని మళ్లీ మొదటికి తెస్తుంది.

మలీరోకు వెళ్లండి. అంటే చావు ఇంటికి. అక్కడ ఎవరైనా పోతే ఊరు పని ఆపేస్తుంది, ఆఫీసు సగం ఖాళీ అవుతుంది, మీ సమావేశం వాయిదా పడుతుంది. దాన్ని అడ్డంకిగా చూసేవాళ్లు రెండేళ్లు ఉండి కూడా బయటివాళ్లుగానే తిరిగి వస్తారు. ఆ రోజు తన వేలికి గుచ్చుకున్న హెచ్‌ఎస్‌ఏ తల్లి 2019లో పోయింది. ఆడవాళ్లు ఇంటి లోపల చాపల మీద, మగవాళ్లు బయట. నేను చితేంజె కట్టుకుని లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాడటం రాదు, ఏడవడానికి నేనెవరిని అనిపించింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పక్కన ఉన్న ముసలమ్మ తన చాపను కొంచెం నా వైపు జరిపింది, అంతే. మర్నాటి నుంచి ఆ ఊళ్లో నన్ను మ్వేన్యే అనడం మానేసి, తమవాళ్లను పిలుచుకున్నట్టే పేరుతో పిలిచారు.

మీ అమ్మగారికి చెప్పడానికి ఇదీ: మలావీ పేద దేశం, కష్టాలున్న దేశం. 2022 మార్చిలో మొదలైన కలరాలో 1,700 మందికి పైగా పోయారు, 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణాన్ని ముంచేసింది. ఇవేవీ దాచి ఆమెను ఒప్పించకండి, తర్వాత వార్తల్లో చూస్తే ఇంకా భయపడుతుంది. వాటితో పాటు ఇది కూడా చెప్పండి. హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ రక్తపరీక్షల లెక్కలు చూడకుండా జీవితాంతం మందులు ఇవ్వాలని 2011లో ముందుగా నిర్ణయించి చూపింది ఈ దేశమే, ఆ తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మార్గం పట్టింది. 2022లో ట్రకోమా కంటి జబ్బును ప్రజారోగ్య సమస్య కాకుండా తుడిచేసింది కూడా. మీరు వెళ్తున్నది పని తెలిసిన మనుషుల మధ్యకు. మీ సంస్థ అత్యవసర ఫోను నంబరు, అక్కడి ఒక స్థానిక సహోద్యోగి నంబరు, వైద్య బీమాలో విమానంలో తరలించే ఏర్పాటు ఉందన్న కాగితం, ఈ మూడూ ఆమె చేతిలో పెట్టి వెళ్లండి.

మీ జిల్లా ఏదో తెలియగానే ఇక్కడే రాయండి. మంగోచి, మచింగా వైపు అయితే చిచేవాతో పాటు యావో భాషలో పలకరింపులు కూడా కావాలి, అక్కడ ముస్లింలు ఎక్కువ కాబట్టి రంజాన్ నెలలో పని వేళలు మారుతాయి. న్సాంజె, చిక్వావా అయితే వేడి, వరద గురించి వేరే చెప్పాల్సింది చాలా ఉంది. జోంబా అయితే ఒక ఉన్ని శాలువా కూడా పెట్టుకోండి, జూన్, జూలైల్లో కావాల్సి వస్తుంది.